బెజవాడ ఎండకి ఏ కుండీ ఆగుతుంది? డాబా తోటకి కొన్న సరుకు మీద నా రివ్యూ

ముందు తీర్పు చెప్పేస్తాను, ఓపిక ఉన్నవాళ్లు మిగతాది చదువుకోండి. విజయవాడలో డాబా మీద మొక్కలు పెంచేవాళ్లకి పెట్టిన డబ్బుకి తగ్గ సరుకు సగానికి కోసిన నీలం ప్లాస్టిక్ డ్రమ్ము. దాని తర్వాత బాగా కాలిన మట్టి కుండీ, ఆ తర్వాత మందం ఉన్న గ్రో బ్యాగ్, అదే మొక్కలు పెంచే సంచి. సిమెంటు తొట్టి కింద పెరట్లో ఉంటే మంచిదే, పైకి మాత్రం వద్దు. ఇక రంగురంగుల ప్లాస్టిక్ కుండీలు, అదే నర్సరీ ముందు వరసగా పేర్చి "అన్‌బ్రేకబుల్ మేడం, పదేళ్లు చూసుకోక్కర్లేదు" అని చేతిలో పెట్టేవి, వాటికి నేనిచ్చేది ఐదింటికి ఒక్క స్టార్. ఆ ఒక్కటీ కూడా వరండా నీడలో మనీప్లాంట్ పెట్టుకోవడానికి పనికొస్తాయని.

ధరలు రాయడం లేదు. అదే కుండీకి పటమటలో ఒక రేటు, గొల్లపూడి రోడ్డు మీద ఇంకో రేటు, కారు దిగిన వాళ్లకి మరో రేటు. బేరం ఆడేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, ఆడనివాళ్లకి చెప్పినా ఉపయోగం లేదు.

రోహిణి కార్తెకి రోళ్లు పగులుతాయంటారు కదా, రోళ్ల సంగతేమో గానీ కుండీలు మాత్రం పగులుతాయి. మన ఊళ్లో 45 డిగ్రీలు దాటడం వింతేం కాదు, పైగా అది నీడలో కొలిచిన లెక్క. డాబా మీద శ్లాబ్ కింద నుంచి కాలుతుంది, పిట్టగోడ పక్క నుంచి కాలుతుంది, మధ్యలో కుండీ ఉడుకుతుంది. వేడి ఒక్కటే అయితే ప్లాస్టిక్ ఎలాగో తట్టుకునేది. అసలు దెబ్బ ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలది. అవి ప్లాస్టిక్‌లోని పొడవాటి అణువుల గొలుసుల్ని తెంపేస్తాయి. గొలుసులు తెగితే వంగే గుణం పోతుంది, రంగు వెలిసి పైన సున్నం రాసినట్టు పొడి లేస్తుంది, ఆ తర్వాత ఎవరైనా కుండీని పక్కకి జరుపుదామని అంచు పట్టుకుంటే అంచు అప్పడంలా విరిగి చేతిలోకి వస్తుంది. మా ఇంట్లో ఇది జరిగింది రెండో వేసవిలో, నిండా కాసిన వంగ మొక్క ఉన్న కుండీకి. తీసుకెళ్లి చూపిస్తే షాపాయన "ఎండలో పెట్టారా మేడం?" అని అడిగాడు. మొక్కని ఎండలో కాక ఫ్రిజ్‌లో పెడతామా!

సరే, ప్లాస్టిక్ అన్నీ ఒకటి కావు, ఆ న్యాయం చెయ్యాలి. కుండీ తిరగేసి అడుగున చూడండి, చిన్న త్రికోణంలో అంకె ఉంటుంది. 2 ఉంటే హెచ్‌డీపీఈ, 5 ఉంటే పాలీప్రొపిలీన్, రెండూ ప్లాస్టిక్‌లో రకాలే. పాలీప్రొపిలీన్‌లో ఎండకి తట్టుకునే మందు కలపకపోతే త్వరగా పెళుసెక్కుతుంది, హెచ్‌డీపీఈ కాస్త ఎక్కువ కాలం ఆగుతుంది. అంకె అసలే లేకపోతే, దానికితోడు ముక్కు దగ్గర పెడితే కాలిన వాసన వస్తుంటే, అది ఏవేవో పాత ప్లాస్టిక్‌లు కరిగించి పోసిన సరుకని నేను లెక్కేసుకుంటాను. యూవీ స్టెబిలైజ్డ్ అని అట్ట మీద రాసినవీ దొరుకుతాయి, నిజంగా ఆ మందు కలిసినవైతే తేడా బాగా తెలుస్తుంది, కానీ రాసినంత మాత్రాన కలిసినట్టు కాదు. షాపులో మనం చేయగలిగింది ఒకటుంది. రెండు చేతులతో మూతి పట్టుకుని లోపలికి నొక్కాలి. వంగి మళ్లీ యథాస్థానానికి వచ్చి, మడత పడ్డ చోట తెల్ల గీత మిగలకపోతే పర్వాలేదు. తెల్ల గీత పడితే అక్కడే పెట్టేసి వచ్చెయ్యండి. మూతి అంచు లోపలికి చుట్టి మందంగా ఉందా అన్నది కూడా చూడాలి, పగుళ్లు ఎప్పుడూ అంచు దగ్గరే మొదలవుతాయి.

నల్ల కుండీల విషయం కాస్త తికమక. ప్లాస్టిక్‌లో కలిపే నల్ల కార్బన్ పొడి ఎండ నుంచి ప్లాస్టిక్‌ని కాపాడుతుంది, అందుకని నల్లవి ఎక్కువ కాలం మన్నుతాయి. కానీ నలుపు వేడిని లాగేస్తుంది కాబట్టి లోపల వేర్లు ఉడుకుతాయి, ముఖ్యంగా పడమటి ఎండ తగిలే వైపు వేర్లు. కుండీ బతికి మొక్క చస్తే ఏం లాభం. నల్లవి కొన్నవాళ్లు వేసవిలో చుట్టూ పాత గోనెసంచి కట్టండి, లేదంటే కుండీలన్నీ ఒకదానికొకటి ఆనించి గుంపుగా పెట్టి బయటి వరసకి మాత్రం అడ్డం ఏదైనా పెట్టండి. సగం ఎండని ఆపే యాభై శాతం షేడ్ నెట్ వేసినవాళ్లకి ఈ గొడవ సగం తగ్గుతుంది.

పెయింట్ బకెట్లు వాడేవాళ్లు చాలామంది ఉన్నారు, ఇంటికి రంగులు వేయించాక మిగిలే ఇరవై లీటర్లవి. ఊరికే వచ్చేదానికి రివ్యూ ఏం రాస్తాం. శుభ్రంగా కడిగి వాడుకోండి, టమాటా, పచ్చిమిర్చి హాయిగా వస్తాయి. పట్టీ పట్టుకుని మాత్రం ఎత్తకండి, మట్టితో నిండిన బకెట్‌కి ముందు ఊడేది పట్టీ ఉన్న చెవే.

ఇప్పుడు నా ఫేవరెట్ దగ్గరికి వద్దాం. నీలం డ్రమ్ములు, రెండొందల లీటర్లవి. ఆటోనగర్ వైపు పాత సామాను అమ్మేచోట వాకబు చేస్తే దొరుకుతాయి. ఇవి ఫ్యాక్టరీలకి సరుకు మోయడానికి చేసినవి, షోకుకి చేసినవి కావు, అందుకే గోడ మందం చూస్తేనే నమ్మకం కలుగుతుంది. అడ్డంగా కోస్తే రెండు తొట్లు, ఒక్కోటి సుమారు వంద లీటర్లు. నిమ్మ, జామ, కరివేపాకు, దొండపాదు, ఏదైనా సరే ఏళ్ల తరబడి అందులోనే ఉండొచ్చు. మా డాబా మీద మొదట తెచ్చినవాటికి నీలం కాస్త వెలిసింది తప్ప ఒక్క పగులు లేదు. అందంగా ఉంటాయా అంటే ఉండవు. మా అత్తగారు మొదటిసారి చూసి "ఇదేంటమ్మా, ఇంటి మీద పెట్రోల్ బంకు పెట్టినట్టుంది" అన్నారు. ఇప్పుడు ఆవిడే తన మునగకి ఒకటి కావాలని అడుగుతున్నారు.

డ్రమ్ములతో ఒక్క జాగ్రత్త, కానీ అది చాలా పెద్ద జాగ్రత్త. అందులో ఇదివరకు ఏం పోశారో తెలియకుండా కొనకండి. తినే నూనె, సిరప్‌లు, సబ్బు ద్రావణం లాంటివి వచ్చిన డ్రమ్ములు కడిగితే సరిపోతాయి. పురుగుమందు, రంగుల రసాయనాలు, యాసిడ్ వచ్చినవాటిని కూరగాయలకి కాదు కదా పూలమొక్కలకీ వాడొద్దు. డ్రమ్ము మీద పాత స్టిక్కర్ ఉంటే చదవండి. స్టిక్కర్ గీకేసి ఉంటే, "ఏముండేది బాబూ ఇందులో" అని అడిగినప్పుడు అమ్మేవాడు "ఏదో ఆయిల్ అండీ" అని ఇంకెటో చూస్తే, మూత తీసి వాసన చూడండి. నాలుగైదు సార్లు కడిగి ఎండబెట్టినా ఘాటు పోకపోతే వదిలెయ్యండి. కోయడం వాళ్ల చేతే చేయించుకోవడం నయం. కోసిన అంచు గరుకుగా ఉంటుంది, ఇసుక కాగితంతో రుద్దకపోతే నీళ్లు పోసేటప్పుడు ముంజేతులు గీరుకుపోతాయి. రంగు వేద్దామనుకునేవాళ్లకి ముందే చెప్తున్నా, ఈ ప్లాస్టిక్‌కి మామూలు పెయింట్ పట్టదు, ఒక్క వానాకాలానికే పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది.

కన్నాలు అడుగున మాత్రమే పెడితే డాబా నేలకి ఆనుకుని మూసుకుపోతాయి. అడుగు నుంచి ఒక అంగుళం ఎత్తులో పక్కలకి కూడా నాలుగైదు పెట్టించుకోండి. డ్రిల్లుతో పెట్టడం మేలు, చువ్వ కాల్చి పొడిస్తే పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కన్నం చుట్టూ కరిగిన ప్లాస్టిక్ గడ్డకట్టి దారి సగం మూస్తుంది. ఇంకోటి, అడుగున కంకర, పెంకులు నాలుగంగుళాలు పోస్తే నీళ్లు బాగా దిగుతాయని చాలామంది నమ్ముతారు, నర్సరీవాళ్లే చెప్తారు. మెత్తటి మట్టిలోని నీరు కింద ఉన్న పెద్ద రాళ్లలోకి అంత తేలిగ్గా జారదు, మట్టి పూర్తిగా నానేదాకా అక్కడే పట్టుకుని ఉంటుంది. కాబట్టి చిత్తడి ఉండే పొర అడుగు నుంచి పైకి, అంటే వేర్ల దగ్గరికి వస్తుంది, అంతే. కన్నం మీద ఒక పెంకు ముక్కో, దోమతెర ముక్కో వేస్తే మట్టి జారకుండా ఉంటుంది, అది చాలు.

మట్టి కుండీల గురించి రాయాలంటే నాకు పక్షపాతం ఉంది. గోడలో సన్నటి రంధ్రాలుంటాయి కాబట్టి నీరు చెమర్చి ఆవిరవుతుంది, కూజాలో నీళ్లు చల్లబడేది ఎందుకో ఇక్కడ వేర్లు చల్లగా ఉండేదీ అందుకే. మేలో ప్లాస్టిక్ కుండీ మీద చెయ్యి వేసి, పక్కనే తడిసిన మట్టి కుండీ మీద చెయ్యి వేసి చూడండి, ఇంకే వాదనా అక్కర్లేదు. మల్లె, కనకాంబరం, తులసి, కలబంద వీటిలో మహా సుఖంగా ఉంటాయి. కానీ ఆ చెమర్చే గుణం వల్లే మట్టి త్వరగా ఎండిపోతుంది, వేసవిలో పొద్దునా సాయంత్రం రెండు పూటలా నీళ్లు పొయ్యాలి. ఉద్యోగాలకి పోయి రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరేవాళ్లు, పెళ్లిళ్ల సీజన్‌లో నాలుగు రోజులు ఊరెళ్లేవాళ్లు ఆలోచించుకోవాలి.

కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి వినండి. ఖంగుమంటే బాగా కాలింది. దబ్ దబ్ అంటే సరిగ్గా కాలలేదనో, కంటికి కనపడని బీట ఉందనో అర్థం. సరిగ్గా కాలనిది రెండు వానాకాలాలకే పొరలు పొరలుగా రాలిపోతుంది. ఎర్రగా నిగనిగలాడుతోందని మురిసిపోకండి, చాలా కుండీలకి పైన జాజు పూస్తారు, కింద మట్టి ఎలా కాలిందో అది దాచేస్తుంది. అడుగు భాగం తిప్పి చూస్తే అసలు రంగు తెలుస్తుంది. ఇంటికి తెచ్చాక ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి అప్పుడు మట్టి నింపండి, లేకపోతే మొదటి వారం మీరు పోసిన నీళ్లు మొక్కకంటే కుండీయే ఎక్కువ తాగుతుంది. ఎనామిల్ పెయింట్ వేసి బొమ్మలు దిద్దే ఫ్యాషన్ ఒకటి వచ్చింది, చూడ్డానికి బాగుంటుంది గానీ రంధ్రాలన్నీ మూసుకుపోయాక అది మట్టి కుండీ ఎందుకవుతుంది?

బోరు నీళ్లు పోసే ఇళ్లలో కుండీ బయట తెల్లటి పొర కడుతుంది. కుండీ నాసిరకం అని షాపువాడి మీదకి పోకండి, అది నీళ్లలో ఉన్న ఉప్పు. నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. కొబ్బరి పీచుతో రుద్దితే పోతుంది, మున్సిపాలిటీ నీళ్లు పోసేవాళ్లకి కాస్త తక్కువగా వస్తుంది.

గ్రో బ్యాగులు తేలిక, మడిచి దాచుకోవచ్చు, ఇల్లు మారేవాళ్లకి, అద్దె ఇళ్లవాళ్లకి ఇంతకంటే సుఖం లేదు. కొనేటప్పుడు జీఎస్‌ఎం అడగండి, అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. లామినేషన్ ఉన్న హెచ్‌డీపీఈ సంచులు 220కి తక్కువ అయితే నేను ముట్టుకోను. ఇవి చిరిగేది ఎక్కువగా కుట్టు దగ్గర, అందుకని సంచి లోపల చెయ్యి పెట్టి కుట్టు రెండు వరసలుందా, దారం నైలాన్‌దా నూలుదా చూడండి. లామినేషన్ పొర లేచిపోవడం మొదలైతే ఇక ఆ సంచి పని అయిపోయినట్టే, పోగులు పోగులుగా రాలి మట్టిలో కలుస్తాయి. దళసరి గుడ్డతో వచ్చేవి, జియో ఫ్యాబ్రిక్ అంటారు, గాలి బాగా ఆడుతుంది, వేర్లు కుండీ గోడ వెంట గుండ్రంగా చుట్టుకుపోకుండా గుడ్డ దగ్గరికి వచ్చి ఆగి పక్క వేర్లు వేస్తాయి. బీర, సొర, టమాటాకి ఇవి అద్భుతం. నీళ్లు మాత్రం మట్టి కుండీ కంటే ఎక్కువ అడుగుతాయి, మన మే నెలలో వాటి దాహం తీర్చడం డ్రిప్ (చుక్కచుక్కగా నీళ్లిచ్చే గొట్టాలు) లేకుండా కష్టం.

పింగాణీ కుండీలు డ్రాయింగ్ రూమ్ సరుకు. వదిలేద్దాం.

ఫైబర్ కుండీలు, ఎఫ్‌ఆర్‌పీవి అంటే గాజు నార కలిపిన ప్లాస్టిక్‌వి, హోటళ్ల ముందు అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర కనిపించేవి, ఎండకి బాగానే ఆగుతాయి, చూడ్డానికి రాయిలాగే ఉండి ఒక్క చేత్తో లేస్తాయి. ఖరీదు ఎక్కువ. వాటి తేలికే వాటి లోపం కూడా, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో డాబాల మీద పొడవాటి ఫైబర్ కుండీలన్నీ పడుకున్నాయి. అడుగున నాలుగు ఇటుకలు పెట్టి మట్టి నింపితే నిలబడతాయి, కానీ అప్పుడు తేలిక అని కొనడం దేనికి. పొడవుగా పైకి వెడల్పు, కింద సన్నం ఉండే ఆకారం ఏ సరుకులోనూ డాబాకి తీసుకోకండి.

సిమెంటు తొట్లు మన నర్సరీల దగ్గరే పోసి అమ్ముతారు, గట్టివే, దొంగలు కూడా ఎత్తుకెళ్లలేరు. కొత్తదానిలో సిమెంటు నుంచి సున్నం దిగి మట్టిని క్షారం చేస్తుంది, అందుకని వారం పాటు నీళ్లు నింపి మారుస్తూ ఉన్నాక మొక్క పెట్టండి. లోపల వేసిన ఇనుప తీగ తుప్పు పడితే ఉబ్బి తొట్టి చీలుతుంది, తీగ ఎక్కడైనా బయటికి కనిపిస్తుంటే ఆ తొట్టి వద్దు. పగలంతా కాగిన తొట్టి రాత్రి చాలాసేపటి దాకా వేడి వదలదు, కాబట్టి చెట్టు నీడ పడే పెరట్లో మందారానికో నందివర్ధనానికో పెట్టుకోండి.

ఇప్పుడు ఎవరూ అడగని విషయం, శ్లాబ్ మీద బరువు. మనుషులు తిరిగే డాబాకి భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెప్పే అదనపు బరువు చదరపు మీటరుకి 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు నూట యాభై కిలోలు. ఇరవై నాలుగు అంగుళాల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న గ్రో బ్యాగ్‌లో పట్టేది నూట డెబ్బై లీటర్ల పైన. వట్టి ఎర్రమట్టి నింపి తడిపితే లీటరు కిలోన్నరకి పైనే తూగుతుంది, లెక్క మీరే వేసుకోండి. ఒక్క సంచే పావు టన్ను దాటిపోయింది, అదీ చదరపు మీటరులో మూడో వంతు కూడా లేని జాగాలో. ఇలాంటి పెద్దవి ఎక్కడ పడితే అక్కడ, ముఖ్యంగా గది మధ్యకి వచ్చే చోట పెట్టకండి. కింద స్తంభం ఉన్న చోటో, బీము మీదుగానో వరసగా పెట్టండి, పాత ఇల్లయితే ఇంజనీరుకి ఒకసారి చూపించుకోండి. మట్టి మూడో వంతు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) మూడో వంతు, మిగతాది మాగిన ఎరువు కలిపితే బరువు బాగా తగ్గుతుంది. బరువు తగ్గించడానికి కుండీ ఎత్తు తగ్గించడం ఇంకా తేలిక దారి. గోంగూర, తోటకూర, మెంతికూరకి ఎనిమిది అంగుళాల లోతు చాలు, దానికి అడుగున్నర లోతు సంచి అమ్మే షాపువాడు మీకు మట్టిని కూడా అమ్ముతున్నాడన్న సంగతి మర్చిపోకండి.

ఏ కుండీ అయినా నేల మీద నేరుగా పెట్టకండి. రెండు ఇటుక ముక్కల మీదో, ఇనుప స్టాండు మీదో పెడితే కింద గాలి ఆడుతుంది, శ్లాబ్‌కి చెమ్మ దిగదు, ఊడ్చుకోవచ్చు. కింద పెట్టే ప్లేట్లు కుండీతో పాటు అంటగడతారు, డాబాకి అవి అక్కర్లేదు. నిలవ నీళ్లలో దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులే పడుతుంది, డెంగీ దోమకి ఆ ప్లేటంత నీళ్లు చాలు.

ఇక కొనే చోటు. ఆన్‌లైన్‌లో కుండీలు కొనడం నాకు నచ్చలేదు, ఫొటోలో పెద్దగా ఉన్నది వచ్చాక పెరుగు గిన్నె అవుతుంది. అంగుళాల్లో పైన వెడల్పు, కింద వెడల్పు, ఎత్తు మూడూ రాయని చోట ఆర్డర్ పెట్టొద్దు. గ్రో బ్యాగులు మాత్రం ఆన్‌లైన్‌లోనే నయం, జీఎస్‌ఎం రాసి ఉంటుంది, తేడా వస్తే వెనక్కి పంపొచ్చు. మట్టివి చేత్తో కొట్టి చూసి కొనాల్సిందే, ఆటోలో వేసేటప్పుడు కుండీకీ కుండీకీ మధ్య గడ్డి పెట్టమని చెప్పండి, పెట్టకుండా "ఏం కాదమ్మా" అంటే పగిలినవాటి డబ్బులు దింపాక పట్టుకోండి. మొక్కా కుండీ కలిపి కాంబో అని అమ్మేవి చూస్తే ఆగండి. మన ఊరికి వచ్చే మొక్కల్లో చాలా భాగం కడియం నర్సరీల నుంచి నల్ల కవర్లలో దిగుతాయి, వాటిని ఇక్కడ పల్చటి ప్లాస్టిక్ కుండీలోకి మార్చి రేటు పెంచుతారు. మొక్కని కవర్‌తోనే అడిగి తీసుకోండి, ఇవ్వనంటే పక్క నర్సరీ వాడు ఇస్తాడు.